గురవయ్యకి వైద్యం

చింతలగరువులో బొడ్డువారి పేరెత్తితే జనం నవ్వుతారు. అది గౌరవం అనుకుంటారు బొడ్డువారు. గవర్రాజు, నూకరాజు, కొండబాబు అని ముగ్గురు అన్నదమ్ములు. ముగ్గురి బుర్రలూ కలిపి రోట్లో వేసి రుబ్బినా ఒక దోసెకి చాలదు. గర్వం మాత్రం తలా ఒక బస్తా.

"లోకంలో గొడవలన్నీ మాటకి రెండర్థాలు తీసేవాళ్ళ వల్లేరా. చెప్పింది చెప్పినట్టు చేసేవాడే తెలివైనవాడు," అనేవాడు పెద్దవాడు గవర్రాజు మీసం దువ్వుకుంటూ. అవునన్నట్టు తలూపేది అతని పెళ్ళాం చంద్రమ్మ. ఎవరైనా ఆపమనేదాకా ఊపుతూనే ఉండేది.

అలాంటి గవర్రాజుకి నలభై ఆరో ఏట ఒక బాధ వచ్చింది. చెప్పుకోలేని చోట దురద. ఒంటేలుకి వెళ్తే మంట. ముందరి చర్మం ఎర్రగా వాచి బిగుసుకుపోయింది. వేలికి ముల్లు గుచ్చుకుంటే ఊరంతా చూపించే మనిషి, ఇది మాత్రం పది రోజులు పంచె కింద దాచాడు. కాళ్ళు ఎడంగా పెట్టి నడిచాడు. పదకొండో రోజు తమ్ముళ్ళని పిలిచాడు.

"ఒరేయ్, నాకు అక్కడ బాగోలేదురా."

"ఎక్కడ అన్నయ్యా?"

"అక్కడేరా!" అని సిగ్గుతో మొహం పక్కకి తిప్పుకున్నాడు.

మొహం తిప్పిన వైపు పశువుల పాక ఉంది. అంతే. తమ్ముళ్ళిద్దరూ పరుగెత్తి పాకంతా విప్పేశారు. గుంజలు మార్చారు, కొత్త తాటాకు కప్పారు. సాయంత్రానికి చెమటలు కక్కుకుంటూ వచ్చి, "ఇప్పుడెలా ఉందన్నయ్యా?" అనడిగారు.

"మంట అలాగే ఉందిరా."

"మంటా!" అంటూ నూకరాజు రెండు బిందెల నీళ్ళు తెచ్చి కొత్త తాటాకు మీద కుమ్మరించాడు. గేదె తడిసి ఒక్క తన్ను తన్నింది. ఇంకేముంది, నడుం పట్టుకుని వాడూ మంచమెక్కాడు.

ఇద్దరు రోగులు, ఒక తోడు, మర్నాడు ఆసుపత్రికి బయల్దేరారు. అక్కడున్నది డాక్టర్ సుగుణమ్మ. మంచి మనిషి, కానీ ఆవిడ సహనానికి ఆరోజు గట్టి పరీక్షే.

"ఏమిటి బాధ?"

"అక్కడండి," అన్నాడు గవర్రాజు నేల చూస్తూ.

డాక్టరమ్మకి అర్థమైంది. "సిగ్గుపడితే రోగం తగ్గదు. పేరు పెట్టి చెప్పండి," అంది.

అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకుని వరండాలోకి పోయారు. "పేరు పెట్టాలటరా." "ఏం పెడదాం?" "మన ఇంట్లో తాత పేరు పెట్టడం ఆనవాయితీ." ముగ్గురూ దణ్ణం పెట్టుకుని, నిండు మనసుతో లోపలికొచ్చారు.

"గురవయ్య అని పెట్టామండి. గురవయ్యకి మంటండి."

"గురవయ్య ఎవరు? వయసెంత?"

"నాతోపాటే పుట్టాడండి. నలభై ఆరు."

"కవలలా? ఆయన్ని తీసుకురాలేదేం?"

"తెచ్చానండి. నేనెక్కడికెళ్తే అక్కడికొస్తాడు."

నర్సు మరియమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుని బయటికి పోయింది. డాక్టరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "అయ్యా, దాన్ని పురుషాంగం అంటారు. ముక్కూ చెవీ ఎలాగో అదీ అలాగే, ఒంట్లో ఒక భాగం. బూతు కాదు," అని తెర చాటున పరీక్ష చేసింది. "చర్మం కింద ఫంగస్ చేరింది. భయం లేదు. రోజూ ఉత్త నీళ్ళతో కడిగి, తడి లేకుండా తుడుచుకోండి. సబ్బూ, ఘాటు మందులూ వద్దు. చర్మాన్ని బలవంతంగా వెనక్కి లాగొద్దు. ఇదిగో మందు, రెండు పూటలా పలచగా రాయండి. పైపైన రాస్తే చాలు. ఇలాంటివి షుగర్ ఉన్నవాళ్ళకి ఎక్కువగా వస్తాయి. మీకు షుగర్ ఉందేమో వెంటనే చూపించుకోండి."

నూకరాజు నడుం పట్టుకునే ముందుకొచ్చాడు. "అమ్మా, గురవయ్య పొట్టిగా ఉంటే మగతనం తక్కువా?"

"ముక్కు పొట్టిదైతే వాసన తెలీదా? ఏ పనీ లేనివాళ్ళే కొలతలు చూసుకుంటూ కూర్చుంటారు."

"మాకు నిజంగానే పనేం లేదండి," అన్నాడు నూకరాజు.

ఇంటికొచ్చాక చంద్రమ్మ అడిగింది, "ఏమన్నారండీ?"

"మనకి షుగర్ ఉందేమో చూడమన్నారే."

చంద్రమ్మ వంటింట్లోకెళ్ళి డబ్బా మూత తీసింది. "నిండా ఉందండీ!" నోట్లో చిటికెడు వేసుకుంది. "బాగానే ఉంది, తియ్యగా." ముగ్గురూ తలా గుప్పెడు తిని అవునని తేల్చారు. పరీక్ష గట్టిగా జరగాలని గవర్రాజు రెండో గుప్పెడూ తిన్నాడు. పూటపూటకీ పరీక్షే. మూడు రోజుల్లో డబ్బా ఖాళీ అయింది. "హమ్మయ్య, ఇప్పుడు షుగర్ లేదు," అని ఊపిరి పీల్చుకున్నారు.

ఇక మందు రాయడం మిగిలింది. రాతకోతలు వచ్చినవాడు కొండబాబే, మూడో తరగతి దాకా వెలగబెట్టాడు. పైపైన రాయమన్నారు కదా, ఇంటి బయటి గోడ మీద బొగ్గుతో "మందు" అని రాశాడు. పలచగా రాయమన్నారని సన్నటి అక్షరాలు. సాయంత్రం మళ్ళీ "మందు". అలా వారం రోజులు. అసలు మందు గొట్టం గూట్లో భద్రంగా ఉంది, మూత కూడా తియ్యలేదు.

గోడ మీద పద్నాలుగు మందులు కనిపిస్తే ఊళ్ళో తాగుబోతులు ఊరుకుంటారా? అసిరయ్య గ్లాసు పట్టుకుని ముందొచ్చాడు. వెనకాల ఇంకో పదిమంది.

"మందుందా?"

"ఉంది. కానీ అది గురవయ్యది," అన్నాడు కొండబాబు.

"గురవయ్య ఒక్కడే తాగుతాడా? మేం మనుషులం కాదా?"

కొండబాబు జాలిపడి గొట్టం తెచ్చి గ్లాసులో పిండాడు. అసిరయ్య నీళ్ళు కలిపి ఒక గుక్క తాగి, "థూ!" అని ఉమ్మి గ్లాసు విసిరాడు. అది నూకరాజు నడుముకే తగిలింది. అంతే, వాకిట్లో తన్నులాట. చంద్రమ్మ గుమ్మంలో నిలబడి తలూపుతూనే ఉంది.

ఈ గోలలో గవర్రాజు కేక ఎవరికీ వినపడలేదు. వాపు ముదిరింది, జ్వరం కాస్తోంది, పొట్ట బిగుసుకుపోయింది, ఒంటేలు చుక్క కూడా పడటం లేదు. "చచ్చిపోతానే చంద్రమ్మా," అని గోడకి ఆనుకుని ఏడ్చాడు. అంత మీసమూ ఏడ్చింది. గాడిదలాంటి మనిషైనా నొప్పి నొప్పే కదా. తన్నులాడుకుంటున్న వాళ్ళే ఆగి, అతన్ని ఆటోలో పడుకోబెట్టారు.

డాక్టరమ్మ వెంటనే సన్నటి రబ్బరు గొట్టం వేసి ఒంటేలు తీయించింది. రక్తం పరీక్షలో షుగర్ మూడొందలు దాటింది.

"మందు రాయలేదా?"

"రోజూ రెండు పూటలా రాశామండి. కావాలంటే గోడ చూడండి."

"షుగర్ చూపించుకోలేదా?"

"చూసి, తిని, అవగొట్టామండి."

డాక్టరమ్మ నర్సు మరియమ్మని పిలిచి, "వీళ్ళకి ఏదీ చెప్పకు. నువ్వే చెయ్యి," అంది. మరియమ్మ మందు పట్టించింది, మాత్రలు లెక్కపెట్టి మింగించింది. పన్నెండు రోజులకి వాపు తగ్గింది, మంట పోయింది, గవర్రాజు మనిషిలా నడిచాడు.

పంపించేటప్పుడు డాక్టరమ్మ మెత్తబడింది. "చూడండి, మీలాగే సిగ్గుపడి దాచుకునేవాళ్ళు చాలామంది. మీకు జరిగింది నలుగురికీ చెప్పండి. పుణ్యం ఉంటుంది."

చెప్పాడు గవర్రాజు. టికెట్ అడిగిన బస్సు కండక్టరుకి మొదట చెప్పాడు. వీధిలో చేపలమ్మే ఆవిడకి చెబితే తట్ట వదిలేసి పారిపోయింది. పెళ్ళి పందిట్లో మంత్రాలు ఆపించి పురోహితుడికి చెప్పాడు. చెవుడున్న వీరాస్వామికి గంటసేపు అరిచి అరిచి చెప్పాడు. ఇంకేముంది, పని పూర్తయిందని ఇంటికొచ్చి కాళ్ళు చాపుకున్నాడు.

మర్నాడు పక్కవీధి పైడియ్య వచ్చాడు. పాపం, నెల్లాళ్ళుగా అదే దురద, అదే మంట. ఎవరినడగాలో తెలీక కుమిలిపోతున్నాడు. "గవర్రాజన్నా, నీకు తగ్గిందట కదా. ఏ డాక్టరు? ఏం చేశారు? నాకూ చెప్పన్నా," అని చేతులు పట్టుకున్నాడు.

గవర్రాజు వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. కండక్టరు, చేపలావిడ, పురోహితుడు, వీరాస్వామి. చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"లాభం లేదు పైడియ్యా. డాక్టరమ్మ నలుగురికే చెప్పమంది. నువ్వు అయిదోవాడివి. వీరాస్వామికి ఒంట్లో బాగోలేదట. అతను పోతే కబురు చేస్తాను, అప్పుడు రా."