ఆరని తలపాగా

“ఒసే పోలీ! నా బట్టలేవే? తలపాగా ఏదే?” ఏటి ఒడ్డున తువ్వాలు చుట్టుకుని అరిచాడు రాజుగారి తనిఖీ అధికారి విశ్వంభరయ్య.

నిన్న పల్లకీలో వచ్చి, నేతి బూరెలు తిని, ధర్మసత్రం భేషుగ్గా ఉందన్నాడాయన. ఆ సత్రం కూడే తినే చాకలి పోలి తల్లి మాత్రం పుల్లలా చిక్కిపోతోంది.

“ఇంకా ఆరలేదు దొరా. ఆకలైతే సత్రంలో తిని రండి, మీరు మెచ్చిందేగా!”

తలపాగా లేని బట్టతలను సత్రంలో ఎవరూ గుర్తుపట్టలేదు. నీళ్ళగంజి పోశారు. నెయ్యేదని అడిగితే సత్రం పెద్ద మెడపట్టి గెంటాడు.

విశ్వంభరయ్య రొప్పుతూ తిరిగొచ్చాడు. “వాడి కొలువు ఈ పూటతో సరి! అవునుగానీ, ఇంత ఎండలో నా బట్టలెందుకు ఆరలేదే?”

ఏటి మెరుపంతా కళ్ళలో నింపుకుని పోలి తలవంచింది.

“పొద్దుటే ఆరాయి దొరా. నేనే మళ్ళీ మళ్ళీ తడిపాను.”