గోడ అవతలికి ప్రార్థన

పడుకున్నావా? కాళ్ళు అలా ఆడించకు, దుప్పటి జారిపోతోంది. ఆఁ, ఇప్పుడు విను. మధ్యలో అడ్డొచ్చావంటే ఎక్కడిదాకా చెప్పానో మర్చిపోతా, మళ్ళీ మొదట్నుంచీ చెప్పాల్సొస్తుంది.

అనగనగా, కాలవ పక్కన ఒక ఊళ్ళో, ఒకే కప్పు కింద రెండిళ్ళు. ఒక ఇంట్లో సువార్తమ్మ, పక్కింట్లో ఎలీసమ్మ. ఇద్దరూ తోడికోడళ్ళు. అంటే అన్నను ఈవిడ చేసుకుంది, తమ్ముణ్ణి ఆవిడ చేసుకుంది. ఆ అన్నదమ్ములిద్దరూ అప్పటికే ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు. సువార్తమ్మకు పిల్లల్లేరు. ఎలీసమ్మ కూతురు పెళ్ళయి అత్తారింటికి వెళ్ళింది. ఇక మిగిలింది వీళ్ళిద్దరే, ఒకరికొకరు.

ఇళ్ళ వెనక పెరడు, పెరడు మధ్యలో ఛాతీ ఎత్తు గోడ. ఆ గోడ మీంచే కూర గిన్నెలు అటు వెళ్ళేవి, ఇటు వచ్చేవి. పొద్దున లేవగానే "నిద్ర పట్టిందా అక్కా" అని ఎలీసమ్మ ఇటు తొంగిచూసేది. పొద్దుగూకాక "తిన్నావా ఎలీసా" అని సువార్తమ్మ అటు తొంగిచూసేది. తినకపోతే కేకలేసేది. సువార్తమ్మకు ఆ తిన్నావా అని అడగటమే పెద్ద పని, అది లేకపోతే ఆవిడకు రోజు గడవదు.

అలా ఉండగా, ఒక ఏడు సువార్తమ్మ స్నానాల నీళ్ళు పారే చోట ఒక గుమ్మడి గింజ పెట్టింది. పాదు కట్టింది, పేడ వేసింది, పందిరి మాత్రం వెయ్యలేదు. పందిరి లేకపోతే తీగ ఊరుకుంటుందా? పాకి పాకి గోడెక్కింది. గోడ దిగి ఎలీసమ్మ వంటపాక మీదికెక్కింది. అక్కడ కాసింది కాయ. ఎంత కాయనుకున్నావు, నీ చేతులు రెండూ చాపినా చుట్టూ రావు.

ఎలీసమ్మ ఆ కాయ కింద గడ్డి పరిచింది. కోతులొస్తే కర్ర పట్టుకుని తోలింది. ఇటు నీళ్ళు పోసేదేమో సువార్తమ్మ. కాయ ఎవరిది అని ఇద్దరూ ఒక్కరోజు కూడా అనుకోలేదు. అనుకోవాల్సింది, అనుకోలేదు.

ఆ తర్వాత చర్చిలో కోత పండుగ వచ్చింది. కోత పండుగంటే తెలుసుగా, ఎవరి పొలంలో, ఎవరి పెరట్లో ఏది పండితే అది తెచ్చి మొదట దేవుడికి ఇస్తారు. సువార్తమ్మ చీర కట్టుకుని, కాయ కోద్దామని గోడ దగ్గరికొస్తే పాక మీద కాయ లేదు. పోనీలే, ఎలీస కోసుంటుంది, ఇద్దరి పేరు మీదా ఇస్తుంది అనుకుని, చేతికందిన పొట్లకాయ ఒకటి పట్టుకుని చర్చికెళ్ళింది.

చర్చిలో వేదిక ముందు గుమ్మడికాయ. పాస్టరు గారు దాని మీద చెయ్యి పెట్టి, "ఎలీసమ్మ గారి పెరటిని దీవించు తండ్రీ" అని ప్రార్థన చేశారు. సువార్తమ్మ పేరు రాలేదు. జనమంతా ఎంత కాయ ఎంత కాయ అంటున్నారు. ఎలీసమ్మ తల వంచుకుని నవ్వుతోంది. సువార్తమ్మ ఒళ్ళో ఆ పొట్లకాయ.

బయటికి రాగానే మొదలైంది.

"పాదు నాది," అంది సువార్తమ్మ.

"కాయ నా పాక మీద కాసింది," అంది ఎలీసమ్మ.

"నీళ్ళు నేను పోశాను."

"కోతుల్ని నేను తోలాను."

అప్పుడు సువార్తమ్మ అనకూడని మాట అంది. "దొంగ కాయ ఇస్తే దేవుడు పుచ్చుకోడు," అంది. పదిమందిలో. ఎలీసమ్మ మొహం ఇంతయిపోయింది. ఆ రోజునుంచి ఇద్దరికీ మాటల్లేవు. చూశావా, దేవుడికిచ్చేసిన కాయ, ఇద్దరికీ లేని కాయ, దాని కోసం.

మాటలైతే లేవు గానీ, నోళ్ళు ఊరుకుంటాయా? ఇద్దరూ తెల్లారగానే వెనక వసారాలో కూర్చుని, బైబిలు చదువుకుని, పైకి ప్రార్థన చేసుకునేవాళ్ళు. మధ్యలో ఉన్నది ఛాతీ ఎత్తు గోడ. ఇటు దగ్గితే అటు వినబడుతుంది.

మొదటి రోజు సువార్తమ్మ పది ఆజ్ఞలు తీసింది. పొరుగువాడి ఇల్లు ఆశించకూడదు, ఎద్దును ఆశించకూడదు, గాడిదను ఆశించకూడదు అని గొంతెత్తి చదివింది. ఎద్దూ గాడిదా ఉన్నాయి గానీ అందులో గుమ్మడికాయ లేదు. ప్రార్థనలో అదీ తనే కలిపేసింది.

మర్నాడు ఎలీసమ్మ కీర్తన తీసింది. భూమి, అందులో ఉన్నదంతా దేవుడిదే అని చదివింది. చదివి, "పాదులు కూడా ప్రభువా, నీళ్ళు కూడా ప్రభువా" అంది.

ఇక అక్కణ్ణుంచి రోజూ అదే వరస. "కొంతమంది ఉన్నారు తండ్రీ, పేరు చెప్పను, నీకు తెలుసు" అని ఇటునుంచి. "కొంతమందికి వయసొచ్చింది గానీ బుద్ధి రాలేదు, వాళ్ళను క్షమించు తండ్రీ" అని అటునుంచి. కళ్ళు మూసుకునే అనేవాళ్ళు, చేతులు జోడించుకునే అనేవాళ్ళు. ఎంత పెద్ద ప్రార్థనలో! పొయ్యి మీద పాలు పొంగిపోయేవి. నవ్వకు, నువ్వు మాత్రం తక్కువ తిన్నావా, నీ సంగతి తర్వాత చెప్తా.

అలా మూడు నెలలు గడిచాయి. పొద్దుగూకితే సువార్తమ్మకు గొంతు దాకా వచ్చేది, తిన్నావా ఎలీసా అని. మింగేసేది. కూర ఎప్పటిలాగే ఇద్దరికి వండేసేది. సగం పారబోసేది. ఇల్లంతా బోసిగా ఉండేది, అయినా పట్టు వదల్లేదు.

ఒకరోజు ఎలీసమ్మ యేసయ్య చెప్పిన మాట చదివింది. నీ కంట్లో దూలం ఉంచుకుని ఎదుటివాళ్ళ కంట్లో నలుసు తీస్తానంటావేం అని. గోడవైపు తిరిగి మరీ చదివింది. సువార్తమ్మకు ఒళ్ళు మండిపోయింది. సరాసరి మేస్త్రీ దావీదు ఇంటికెళ్ళింది. "మా పెరటి గోడ లేపాలి. మనిషి కనబడకూడదు, మాట వినబడకూడదు. ఎప్పుడొస్తావు?" అంది. సోమవారం వస్తానన్నాడు మేస్త్రీ. సాయంత్రానికి ఇటుకలు దిగాయి. ఎలీసమ్మ తన వసారాలోంచి ఆ ఇటుకల వంక చూసింది. చూసి లోపలికెళ్ళింది.

సువార్తమ్మకు అది గెలుపులా ఉండాలా? లేదు. గోడ లేచిందంటే ఇక అంతే, ఈ జన్మకు ఆ మొహం కనబడదు. అయినా మేస్త్రీకి మాటిచ్చేసింది కదా. గోడ లేచేలోపు ఒక్క గట్టి మాట, ఎలీస మళ్ళీ నోరెత్తకుండా, చదవాలి అనుకుంది.

శనివారం పొద్దున్నే కళ్ళజోడు పెట్టుకుని, ఆ దూలం మాట ఉన్న చోటే తెరిచింది. ఇంతకంటే గట్టిది దొరక్కపోతుందా అని ఒక పేజీ వెనక్కి తిప్పింది. వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చదువుతోంది. అప్పుడు తగిలిందమ్మా ఆవిడకు. నువ్వు ప్రార్థన చేసేటప్పుడు నీ గదిలోకెళ్ళి తలుపేసుకో, ఎవరికీ కనబడని నీ తండ్రితో చెప్పుకో అని ఉంది అక్కడ.

సువార్తమ్మ కళ్ళజోడు తీసింది. ఈ మాట ఆవిడకు తెలియంది కాదు, ఎన్నిసార్లు విన్నదో. కానీ ఆ పూట కొత్తగా వినబడింది. మూడు నెలలుగా తను కళ్ళు మూసుకుని మాట్లాడింది దేవుడితో కాదు, ఎలీసతోనే. ఆవిడకు సిగ్గేసింది. నిజంగా సిగ్గేసింది.

అప్పుడు ఆవిడ వెనక వసారా పక్కనున్న సామాన్ల గదిలోకెళ్ళి తలుపేసుకుంది. ఒక పక్క బియ్యం డబ్బా, ఒక పక్క ఉల్లిపాయల బుట్ట. మధ్యలో మోకాళ్ళేసింది. "ప్రభువా, కొంతమంది ఉన్నారు" అని అలవాటు కొద్దీ మొదలెట్టింది. అక్కడే ఆగిపోయింది. వినేవాళ్ళు లేని చోట ఆ మాట చప్పగా ఉంది. ఇంకేం చెప్పాలో తెలియక లేచి వచ్చేసింది.

ఆ పూట గోడ అవతల ఎలీసమ్మ "కొంతమంది" అని మొదలెట్టి, జవాబు కోసం ఆగింది. జవాబు రాలేదు.

ఆదివారం తెల్లవారుజామునే మళ్ళీ అదే గది. ఈసారి సువార్తమ్మ మోకాళ్ళ నొప్పి గురించి చెప్పుకుంది. పొదిగిన కోడి గురించి చెప్పుకుంది. వాన గురించి అడిగింది. అన్నీ కలిపి పాలు కాగినంతసేపు కూడా పట్టలేదు. ఇక ఊరికే కూర్చుంది. బయట ఎలీసమ్మ గిన్నెలు దబదబా తోముతోంది. దగ్గుతోంది. ఒక పాట ఎత్తుకుంది, మొదటి చరణం పాడి ఆపేసింది. రెండో చరణం ఎప్పుడూ సువార్తమ్మే పాడాలి. ఆవిడ నాలుక చివరిదాకా వచ్చింది గానీ, పాడలేదు. ఆరోజు చర్చికి కూడా పోలేదు, మొహం చెల్లక.

ఆ తర్వాత సోమవారం వచ్చింది. మేస్త్రీ వచ్చే రోజు. సువార్తమ్మ తలుపేసుకుని మోకాళ్ళ మీద కూర్చుంది. "ప్రభువా, ఎలీస" అంది. అంతే.

మూడు నెలల్లో కొంతమంది, కొంతమంది అనడమే గానీ, ఒక్కసారి కూడా ఆ పేరు దేవుడి ముందు పలకలేదు ఆవిడ. పేరు పలికేసరికి ఇక ఫిర్యాదు రాలేదు. కోడలిగా వచ్చినప్పుడు ఆ పిల్ల ఎంత భయపడిపోయిందో గుర్తొచ్చింది. తను జ్వరపడితే తలగడ దగ్గర ఎన్ని రాత్రులు కూర్చుందో గుర్తొచ్చింది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది సువార్తమ్మ. బెంగ, వట్టి బెంగ. తోడు కావాలి తనకు, గెలుపు అక్కర్లేదు.

అంతలో పెరట్లో దబ్బున చప్పుడయింది. ఆ తర్వాత ఎవరో తలుపు బాదుతున్నారు. "అక్కా, అక్కా, తలుపు తియ్యి."

తీసింది. ఎదురుగా ఎలీసమ్మ. ముడి ఊడిపోయి, మోచెయ్యి గీరుకుపోయి, చీరంతా మట్టి. అరవై ఏళ్ళ మనిషి, కట్టెలమోపెక్కి గోడ దూకింది.

"ఉన్నావా?" అంది రొప్పుతూ.

"ఉన్నా."

"మూడు రోజులైంది నీ గొంతు వినబడి. దెప్పినా పలకవు, పాడినా పలకవు. నిన్న చర్చికీ రాలేదు. పోయావేమో అనుకున్నా అక్కా. నా ప్రాణం ఎట్లా ఉందో నీకేం తెలుసు?"

"ప్రార్థన చేసుకుంటున్నానే."

"ఇంత మెల్లగానా? ఏం చెప్పావు ఆయనకు? నా మీదేనా?"

"నీ మాటే."

"ఏమని?"

"నీ పేరు చెప్పా. ఆ తర్వాత ఇక మాట రాలేదు."

ఎలీసమ్మ గడప మీద కూలబడి బావురుమంది. "నీ పేరు కూడా పాస్టరు గారికి చెప్పాలనే వెళ్ళాను అక్కా. అందరూ కాయ చూసి మెచ్చుకుంటుంటే నోరు రాలేదు. తప్పు నాదే," అంది.

"దొంగ అన్నాను నిన్ను, పదిమందిలో. దానికంటే పెద్ద తప్పేముంది?" అని సువార్తమ్మ పక్కనే కూర్చుంది. ఇద్దరూ ఒకే కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు.

అప్పుడే మేస్త్రీ దావీదు తాపీ పట్టుకుని పెరట్లోకొచ్చాడు. "ఎంత ఎత్తు లేపమంటారమ్మా?" అన్నాడు.

సువార్తమ్మ ఎలీసమ్మ మోచెయ్యి వంక చూసింది. "లేపటం కాదు నాయనా, దించు. పై మూడు వరసలు తీసెయ్యి. ఇది మళ్ళీ దూకిందంటే కాలిరుగుద్ది," అంది.

మేస్త్రీ ఒకసారి ఈవిడ వంక చూశాడు, ఒకసారి ఆవిడ వంక చూశాడు. గోడ దించడం మొదలెట్టాడు.

ఏంటీ? ఆ తర్వాత ఇక దెబ్బలాడుకోలేదా అంటావా? ఎందుకు దెబ్బలాడుకోరు, మూడో రోజే పులుసులో ఉప్పు గురించి పోట్లాడుకున్నారు. కాకపోతే ప్రార్థన మాత్రం ఎవరి గదిలో వాళ్ళు, తలుపేసుకుని. దెబ్బలాట గోడ దగ్గర, ఎదురెదురుగా, పేరు పెట్టి పిలుచుకుని.

సరే, ఇక నువ్వు కూడా ప్రార్థన చేసుకుని పడుకో. నాకు వినబడక్కర్లేదు. నిన్న కళ్ళు మూసుకుని "అమ్మమ్మ జంతికల డబ్బా అటక మీద దాచేస్తోంది ప్రభువా" అన్నావుగా, అది ఆయనక్కాదు, నాకే చెప్పావని నాకు తెలుసులే. జంతికలు కావాలంటే నన్నడుగు. ఆయనతో చెప్పుకునేవి వేరే ఉంటాయి.

కథ నడిచి నడిచి కంచికి పోయింది,
గోడ దిగి దిగి గొడవ పోయింది,
కాలవ నీరు కూడా నిద్దర పోయింది,
కునుకొక్కటే మనింటికి వచ్చింది.