చింతపండుతో తోమిన ఓడ కాసు

అనగనగా ఒక తెర. తెర వెనక ఒక మనిషి. కథలో ముందు రాజు రావాలి గదా అంటారేమో. వస్తాడు. రాజులకేం తొందర, ఎప్పుడొచ్చినా వాళ్ళకి పీట వేసే ఉంటుంది.

ఆ తెర కలువరేవు పట్నంలో, పరీక్ష ఇంట్లో ఉండేది. ఆ రాజ్యపు రాజుకి పాత కాసుల పిచ్చి. ఎప్పుడో పోయిన రాజులు వేయించిన రాగి కాసు దొరికితే చాలు, బంగారం తూచి ఇచ్చేవాడు. రాజుకి పట్టిన పిచ్చి ఊరందరికీ పట్టింది. వీధిలో రోజూ జగడాలే. అమ్మేవాడు "పెళ్ళికూతురిలా ఉంది చూడు" అనేవాడు. కొనేవాడు "అరిగిపోయిన చెప్పులా ఉంది" అనేవాడు.

ఆ జగడం తీర్చడానికి మాచయ్య అనే పెద్దాయన పరీక్ష ఇల్లు పెట్టాడు. ఆ ఇల్లు కాసులు కొనదు, అమ్మదు. చూస్తుంది, అంతే. చూసిన కాసుని రెండు అభ్రకపు రేకుల మధ్య పెట్టి, అంచుల చుట్టూ లక్క పోసి, దాని మీద ముద్ర వేస్తుంది. ఉత్తమం, మధ్యమం, అధమం, ఈ మూడింటిలో ఒక మాట రాస్తుంది. ఏ మాట రాసినా కూలి ఒకటే, కుంచెడు వడ్లు. పైగా మాచయ్య ఇంకో నియమం పెట్టాడు: ముద్ర పొరబడితే ఆ నష్టం ముద్ర వేసిన ఇంటిదే.

రేకులోంచి కాసు కనబడుతుంది గాని చెయ్యి తగలదు. ముద్ర విప్పినవాళ్ళు లోపలి కాసు తప్పని నిరూపించలేకపోతే వాళ్ళ కుడి బొటనవేలు తీసెయ్యాలని రాజశాసనం. అందుకని ఎవరూ విప్పేవారు కాదు.

మాచయ్యకి చూపు తగ్గాక కూతురు పోలాంబ కాసులు చూడడం మొదలుపెట్టింది. ఆడమనిషి రాసిన మాట ఎవరు నమ్ముతారని ఆమె ముందు తెర కట్టారు. పోలాంబ నవ్వుకుంది. తెర వెనక ఆమె ఎవరికీ కనబడదు సరే, ఎవరి కాసో ఆమెకీ కనబడదు. పని బాగా సాగింది. మాచయ్య పోయాక ఆమె అన్న భీమన తలపాగా చుట్టుకుని తెర ముందు కూర్చున్నాడు. ఊరంతా "భీమన కన్నంటే కన్ను" అనేది. ఆ కన్ను తెర వెనక ఉందని ఎవరికీ తెలీదు.

ఒకనాడు రాజు చాటింపు వేయించాడు. "మా దగ్గర ఓడ బొమ్మ ఉన్న పాత కాసు, ఆ ఓడ కాసు ఒక్కటే లేదు. ఉత్తమమైన ఓడ కాసు తెచ్చినవాళ్ళకి తూర్పు ఉప్పుమళ్ళు రాసిస్తాం."

ఆ మళ్ళ మీద నలభై కుటుంబాలు బతుకుతున్నాయి. రాజు కాసు గురించి ఆలోచించాడు గాని వాళ్ళ గురించి ఆలోచించలేదు.

వారం తిరక్కుండా బైచిశెట్టి అనే వర్తకుడు ఒక ఓడ కాసు పట్టుకొచ్చాడు. కాసుతో పాటు భీమనకి ఒక పట్టుపంచె.

పోలాంబ కాసు చేతిలోకి తీసుకుంది. తళతళా మెరిసిపోతోంది. ఓడ తెరచాప కింద చిన్న నొక్కు. ఆమె పెదవి విరిచి, అధమం అని రాసింది.

భీమన తెర పక్కకి తోసి వచ్చాడు. "ఏమే, కళ్ళు పోయాయా? అద్దంలా మెరుస్తుంటే అధమమా?"

"మెరుస్తోంది కాబట్టే అన్నా. వందల ఏళ్ళ రాగికి ఒక నలుపు పడుతుంది. అది మురికి కాదు, దాని వయసు. దీన్ని ఎవరో చింతపండు పెట్టి తోమేశారు. ఓడ గీతలు సగం చెరిగిపోయాయి."

"నీకెలా తెలుసు?"

"నాణేలు చూడక ముందు పదేళ్ళు ఈ ఇంట్లో అంట్లు తోమాను. నువ్వు తిని లేచిన పళ్ళేలే."

బైచిశెట్టి ముద్ర వేయించుకోకుండానే కాసు పట్టుకుపోయాడు. పది రోజులకి మళ్ళీ ఒక ఓడ కాసు వచ్చింది. ఇది నల్లగా ఉంది. ఈసారి పట్టుపంచె కాదు, ఉప్పుమళ్ళలో సగం వాటా ఇస్తానన్న మాట వచ్చింది. పోలాంబ కాసు తిప్పింది. తెరచాప కింద అదే నొక్కు. తడివేలితో రుద్దితే వేలికి ఆముదపు దీపం మసి అంటుకుంది. మళ్ళీ అధమం అని రాసింది.

ఈసారి బైచిశెట్టి తానే తెర ఎత్తుకుని లోపలికి వచ్చాడు. ఆడమనిషిని చూసి ముందు బిత్తరపోయి, తర్వాత పళ్ళికిలించాడు.

"ఓహో, భీమన కన్ను ఇదా! చూడు చెల్లెమ్మా, కాసులు రాజులు కొట్టించారు, వర్తకులు మోశారు. మధ్యలో గిన్నెలు తోముకునే నీకేం పని?"

"తోమింది నువ్వు, శెట్టీ. అదైనా సరిగ్గా తోమలేదు."

భీమన ముఖం ఎర్రబడింది. "పోలీ, నోరు మూసుకో! వాటా మనకి కూడా వస్తుందే!"

"వాటా తీసుకున్నాక మనం చూసేవాళ్ళం ఎలా అవుతాం అన్నా? మనమూ అమ్మేవాళ్ళమే."

ఆ సాయంత్రమే భీమన ఆమె చేతిలోని ముద్ర లాక్కుని ఆమెని వంటింట్లోకి తోశాడు. "గడప దాటి ఈ మాట ఎక్కడన్నా ఎత్తావో, ఈ ఇంట్లో నీకు చోటు లేదు" అన్నాడు. తానే కాసు రేకుల మధ్య పెట్టి, లక్క పోసి, ఉత్తమం అని రాశాడు. రాత వంకర పోయింది. అయితేనేం, ముద్ర మాత్రం తిన్నగా పడింది.

పోలాంబ పొయ్యి ముందు కూర్చుంది. ఇంతకాలం ఆ ముద్ర కింద ఉన్న ప్రతి మాటా తనది. ఇప్పుడు ఆ ముద్ర మొదటిసారి అబద్ధం చెప్పింది. ఆ అబద్ధానికి నలభై పొయ్యిలు ఆరిపోతాయి. ఆమె లేచి, కొంగు బిగించి, గడప దాటింది.

కొలువులో రాజు ఉప్పుమళ్ళ దానపత్రం మీద సంతకం పెట్టబోతున్నాడు. బైచిశెట్టి చేతులు కట్టుకుని నిలబడ్డాడు, భీమన అతని పక్కన.

"ఆగండి ప్రభూ. ఆ కాసు అధమం."

రాజు తలెత్తాడు. "ఎవరమ్మా నువ్వు? దాని మీద మాచయ్య ఇంటి ముద్ర ఉంది."

"ఆ ముద్ర పదేళ్ళుగా వేస్తున్న చెయ్యి నాది."

కొలువంతా గొల్లున నవ్వింది. భీమన "మా చెల్లెలు ప్రభూ, మతి సరిగ్గా లేదు" అన్నాడు.

"మతి సంగతి తర్వాత. ముద్ర విప్పుతాను. తప్పయితే నా బొటనవేలు తీసుకోండి."

వేలు పోతే ఇక కాసు పట్టలేదు. అది ఆమెకీ తెలుసు. అయినా లక్క మీద గోరు పెట్టి పటుక్కున విరిచింది. తడి కొంగుతో కాసు తుడిచింది. కొంగు నల్లబడింది, కాసు మెరిసింది. "చింతపండుతో తోమేసి, పైన మసి పూశారు ప్రభూ" అంది.

బైచిశెట్టి తడుముకోలేదు. "దీపం ఉన్న ఇంట్లో మసి పట్టదా? మెరుపంటారా, అది రాగి గుణం!" కొలువులో పెద్దలు తలలూపారు.

"అయితే తెలిసినవాళ్ళని అడుగుదాం" అంది పోలాంబ. "మీ వంటశాలలో అంట్లు తోమే ముగ్గురిని ఒక్కొక్కరినే పిలిపించండి. ఈ కాసు ఎవరిదో చెప్పొద్దు."

మొదటామె వచ్చి చూసి, "చింతపండు" అని వెళ్ళిపోయింది. రెండో ఆమె వాసన చూసి, "చింతపండు, ఉప్పు కూడా కలిపారు" అంది. మూడో ఆమె, బూసమ్మ అనే ముసలామె, కాసు వెలుగుకి ఎత్తి చూసి నెత్తి కొట్టుకుంది.

"చింతపండే గాని, ఇది మా పిల్లలు తోమింది కాదు దొరా. అడ్డంగా పీచేసి బరికాడు ఎవడో. గీతలు చూడు! ఇలా తోమితే మా అత్త చెయ్యి విరగ్గొట్టేది."

ఈసారి నవ్వు బైచిశెట్టి మీదికి మళ్ళింది. శెట్టి తల దించుకున్నాడు. రాజు దానపత్రం చింపేశాడు. కాని ఆయన ముఖంలో కలత పోలేదు.

"ఈ ఇంటి ముద్ర ఉన్న కాసులు నా దగ్గర నలభై ఉన్నాయి. వాటి మాటేమిటి?"

"తెప్పించండి. అన్నీ నేనే విప్పుతాను."

ఒక్కొక్కటే విప్పింది. ముప్పై తొమ్మిది సరిగ్గానే ఉన్నాయి. ఒక దాని దగ్గర ఆగింది. చాలాసేపు తిప్పి తిప్పి చూసింది.

"ఇది మూడేళ్ళ కింద నేను ఉత్తమం అన్నాను. తప్పు. దీని అంచు ఎవరో అరగదీశారు. అప్పటికి నాకు ఆ మోసం తెలీదు."

భీమన పళ్ళు కొరికాడు. "అడిగారా నిన్ను? ఎవరికి తెలిసేది?"

"నాకు తెలిసింది గదన్నా." ఆమె చేతికున్న రెండు బంగారు గాజులూ తీసి రాజు ముందు పెట్టింది. "ముద్ర పొరబడితే నష్టం మా ఇంటిది."

కొలువులో ఎవరూ నవ్వలేదు. రాజు గాజుల వైపూ కాసు వైపూ చూసి అన్నాడు, "రేపటి నుంచి నువ్వు నా ఆస్థాన పరీక్షకురాలివి. ఏడాదికి నూరు వరహాలు జీతం."

"వద్దు ప్రభూ."

"వద్దా?"

"మీరు కొనేవారు. కొనేవారి జీతం తింటూ మీ ముందుకొచ్చిన కాసుని నేనెలా చూడను? నా కూలి కుంచెడు వడ్లు. మీరు తెచ్చినా అంతే, ఉప్పుమళ్ళవాళ్ళు తెచ్చినా అంతే. కావాలంటే ఒక్క శాసనం మార్చండి. ముద్ర విప్పి చూసేవాళ్ళ వేలు తీయకండి."

రాజు ఆ శాసనం మార్చాడు. మార్చక ఏం చేస్తాడు, అంతమంది ముందు!

పోలాంబ ఇంటికి వచ్చి తెర పీకేసింది. వీధి అరుగు మీద పీట వేసుకుని, అందరి కళ్ళ ముందూ కాసులు చూడసాగింది. అనుమానం ఉన్నవాళ్ళు ముద్ర విప్పించుకుని, మళ్ళీ వేయించుకుని పోయేవారు.

భీమన మూడు రోజులు ఇంట్లోకి రాలేదు. నాలుగో రోజు పొద్దున్నే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. తలపాగా లేదు.

"నాకూ పని నేర్పవే" అన్నాడు.

పోలాంబ చింతపండు ముద్దా, పీచూ అతని చేతిలో పెట్టి పెరట్లో అంట్ల కుప్ప చూపించింది. "అవి ముందు, అన్నా. కాసులు పదేళ్ళ తర్వాత."

ముద్ర ఎంత గట్టిదైనా, తప్పు తానే విప్పి చూపించే చెయ్యి దాని వెనక లేకపోతే అది ఉత్త లక్క.