పోలన్న చూపించిన చోటు

మసేను ఫోనులో ముప్పై ఒక్క చోట్లు ఉండేవి. ఆ రోజు ఒక్కటీ తెరుచుకోలేదు.

అవి చేపలు దొరికే చోట్లు. సముద్రం అడుగున రాళ్ళ గుట్టలుంటాయి. వాటి చుట్టూ చేపలు తిరుగుతాయి. పైనుంచి చూస్తే మాత్రం అంతా ఒకటే నీళ్ళు. ఏ గుట్ట ఎక్కడుందో ఆ రేవు మొత్తానికి సూరాడ పోలన్న ఒక్కడికే తెలుసు. మసేనుని ఎనిమిదేళ్ళు తన వెంట తిప్పుకుని, ఒక్కొక్కటే అప్పజెప్పాడు.

పోలన్న తాత చెప్తుంటే మసేను ఫోనులోని ఒక యాప్‌లో నొక్కి గుర్తు పెట్టుకునేవాడు. ఫోను నీళ్ళలో పడిపోయినా అవి పోవు, పైన క్లౌడ్‌లో ఉంటాయి అని ఫోను షాపతను చెప్పాడు.

"ముసిలోళ్ళు బుర్రలో మోసినారు. నాను ఆకాశంలో పెట్టినాను," అని రేవులో అందరి దగ్గరా గొప్పలు పోయేవాడు.

దసరా వెళ్ళాక పరాయి రేవుల మరబోట్లు వచ్చి సరిగ్గా అతని చోట్ల మీదే నిలబడడం మొదలైంది. వలలు దించి ఊడ్చుకుపోయేవి. ఎలా తెలిసిందా అని ఆరా తీస్తే తేలింది. ఆ యాప్ పెట్టుకున్న రోజున అది అడిగినవాటన్నిటికీ మసేను చదవకుండా సరే అని నొక్కాడు. ఆ సరేల్లో ఒకటి, తన చోట్లు మిగతావాళ్ళకీ చూపించమని.

అన్నీ తీసేద్దామని కూర్చున్నాడు. ఖాతా మూసుకుపోయి ఉంది. ఎవరో తెలియని చోటునుంచి తెరవబోయారు కాబట్టి ఆపేశాం అని ఒక ముక్క కనిపించింది. దాని కింద ఉన్న నంబరుకి ఫోన్ చేస్తే మనిషి పలకడు. తను దాచుకున్నవి తనకి తెరుచుకోవు. ముక్కూమొహం తెలియనివాళ్ళకి తెరుచుకుంటాయి.

మూడు వారాలు ఖాళీ తెప్పతో తిరిగొచ్చాడు. ఆఖరికి ఆదివారం వీరావల్ వెళ్ళే జట్టులో పేరు రాయించుకున్నాడు. అంటే సొంత తెప్ప అమ్మేసి, గుజరాత్ పోయి, పరాయి బోట్ల మీద ఎనిమిది నెలలు కూలి చెయ్యడం.

వెళ్ళేముందు తాతకి ఒక మాట చెప్పకుండా కాలు కదల్లేదు.

పోలన్న అరుగు మీద కూర్చుని గేలాల తాడు చిక్కు తీస్తున్నాడు. కళ్ళకి పొర కమ్మి మూడేళ్ళయింది. ఇప్పుడు అతనికి వేళ్ళే కళ్ళు.

"మసేనేనా? అడుగు బరువుగా పడతాందేట్రా?"

మసేను అంతా చెప్పాడు. ఏదీ మింగలేదు.

లోపలినుంచి పోలన్న భార్య పైడమ్మ గొంతు వచ్చింది. "నలభై ఏళ్ళు కాపరం చేసినాను. ఆ చోట్లు నాకే చెప్పలేదురా మీ తాత! నువ్వు దేశమంతా దండోరా ఏసీసినావు."

పోలన్న చేతిలో తాడు ఆగింది.

"నాను చెప్పినప్పుడల్లా నువ్వు ఎటు చూసీవోడివి?"

"ఫోను వైపు తాతా."

"ఊఁ," అన్నాడు పోలన్న. మళ్ళీ చిక్కు తీసుకోవడం మొదలుపెట్టాడు. చిక్కంతా వచ్చాక అన్నాడు. "ఎవరికీ చెప్పని చోటు ఒకటుంది. రేపు తెప్ప దించు. నానూ వస్తాను."

"కళ్ళు లేనోడివి, నువ్వెక్కడికి!" అని పైడమ్మ గయ్యిమంది.

"కళ్ళున్నోడు వస్తన్నాడు కదే."

తెల్లారి అలలు దాటగానే పోలన్న చెయ్యి చాపాడు. "ఇంజను నాకియ్యి. నువ్వు ఒడ్డు వైపు తిరిగి కూచో."

"నువ్వు నడుపుతావేటి తాతా? ముందేటుందో చూడొద్దా?"

"ఏటుంటాది? నీళ్ళు."

మసేను ఒడ్డు వైపు తిరిగి కూర్చున్నాడు. రేవు చిన్నదైపోతూ వెళ్ళింది. ఇళ్ళు కలిసిపోయి ఒక గీత అయ్యాయి. వెనకనుంచి కొండలు లేచాయి. ఇన్నేళ్ళుగా రోజూ పోయి వస్తున్నవాడు, కొండలు అలా లేవడం ఎప్పుడూ చూడలేదు.

చాలా దూరం వెళ్ళాక పోలన్న అడిగాడు. "లైట్‌హౌస్ ఎక్కడుంది?"

"జంట కొండలకి ఎడంపక్కన."

"రెండు కొండల సందులోకి రావాల. ఉప్పు గోడౌను పైన ఒంటి తాడిచెట్టు కనబడతాందా?"

"గోడౌను దాటి అవతల ఉంది తాతా."

"తాడి వచ్చి గోడౌను నెత్తి మీద నిలబడాల. రెండూ ఒక్కసారి అయినప్పుడు చెప్పు."

మసేను చెప్తున్నాడు, పోలన్న తిప్పుతున్నాడు. ఒకటి కుదిరితే ఒకటి జారిపోయేది. చాలాసేపటికి మసేను అరిచాడు. "వచ్చీసింది తాతా!"

పోలన్న ఇంజను ఆపి, దారానికి కట్టిన సీసపు గుండు నీళ్ళలో వదిలాడు. దారం జారి జారి ఆగింది. అతను వేలితో దాన్ని రెండుసార్లు ఎత్తి దించాడు.

"మట్టి," అన్నాడు. "నువ్వు చూళ్ళేదు. చూసినాననుకున్నావు."

మసేను మళ్ళీ ఒడ్డు వైపు తిరిగాడు. నిజమే. తాడి గోడౌను పక్కనే ఉంది. నెత్తి మీద లేదు. తొందరలో తనే దాన్ని అక్కడికి జరిపేసుకున్నాడు.

"కొంచెం దక్షిణానికి తాతా. ఇంకా. ఇంకొంచెం. ఆఁ, మెల్లిగా..."

లైట్‌హౌస్ వచ్చి కొండల సందులో నిలబడింది. తాడి గోడౌను నెత్తి మీదికెక్కింది. మసేను ఈసారి అరవలేదు. రెండింటినీ మళ్ళీ చూశాడు.

"ఇక్కడ."

గుండు దిగింది. పోలన్న వేలు దాన్ని ఎత్తి దించింది. ముసలి మొహం అంతా ఒక్కసారి విచ్చుకుంది.

"రాయి!"

అలవాటుగా మసేను చెయ్యి జేబులోకి పోయింది. ఫోనుకి చుట్టిన ప్లాస్టిక్ కవరు గరగరలాడింది. పోలన్న విన్నాడు. జేబులోంచి చెయ్యి ఖాళీగానే బయటికొచ్చింది. మసేను ఒడ్డు వైపు తిరిగి కొండల సందునీ తాడినీ అలా చూస్తూనే ఉన్నాడు, చాలాసేపు.

తర్వాత గేలాలు వేశారు. మొదటి గేలం లాగేసరికి మసేను మోకాళ్ళ మీద పడ్డాడు. చేతి పొడుగు వంజరం! దాని వెనక ఇంకోటి. తాడు అరచేతులు కోసేస్తున్నా అతనికి తెలియలేదు. పోలన్న పాట ఎత్తుకున్నాడు. మధ్యాహ్నానికి తెప్పలో కాళ్ళు పెట్టుకోవడానికి చోటు లేదు.

తిరిగొస్తుంటే పక్క రేవు దానయ్య మరబోటు ఎదురైంది. దాని మీద నలుగురు, దానయ్య చేతిలో ఫోను. తెప్పలోకి చూసి నలుగురూ నోళ్ళు తెరిచారు.

"మసేనూ! ఎక్కడ తగిలినాయిరా ఇన్ని? మా ఫోనులో ఏటీ కనబడ్డం లేదే!"

మసేను నిలబడ్డాడు. ఏదీ దాచకుండా చెయ్యెత్తి ఒడ్డుకేసి చూపించాడు. కొండలు, లైట్‌హౌస్, గోడౌను, తాడి, అన్నీ ఎండలో స్పష్టంగా ఉన్నాయి.

"అదిగో."

దానయ్య అటు చూశాడు. ఇటు చూశాడు. పగలబడి నవ్వాడు. "వంజరాలు నేల మీద పట్టినావేట్రా! ఈడికి మతి పోయింది. ఆదివారం ఈడ్ని రైలెక్కించీండ్రా!"

"వీరావల్ జట్టులో నా పేరు కొట్టీమని చెప్పు దానయ్య మావా!" అని మసేను కూడా గట్టిగా నవ్వాడు.

మరబోటు దూరంగా వెళ్ళిపోయింది. నవ్వులు ఇంకా వినబడుతూనే ఉన్నాయి. అవి ఆగేదాకా విని, పోలన్న మెల్లిగా అన్నాడు.

"బాగా దాచినావురా."