ముందే విన్నవాడు

దస్తగిరి గోడల మీద ప్రకటనలు రాసే పెయింటరు. పరంజా మీంచి పడి తలకు దెబ్బ తగిలితే, డాక్టర్లు మెదడులో బియ్యపుగింజంత యంత్రం పెట్టి బతికించారు. మంచం దిగిన రోజు నుంచి ఎదుటివాళ్లు మనసులో అనుకునేది అతనికి మాటల్లా వినిపించడం మొదలైంది.

మొదట్లో పొంగిపోయాడు. తర్వాత ఇల్లు మూగబోయింది. భార్య హసీనా నోరు తెరవకముందే అతను జవాబు చెప్పేవాడు.

"ఇంక ఈ ఇంట్లో నాకు మాటలతో ఏం పని?" అని ఆమె పుట్టింటికి వెళ్లిపోయింది.

దస్తగిరి కొండ మీద దర్గాలో ఉండే ముసలి ఫకీరు కరీముల్లా షా దగ్గరికి చేరాడు.

"బాబా, ఇది వరమా, శాపమా?"

"ఉండు బేటా, చూద్దాం" అన్నాడాయన.

దర్గాకు కష్టాల్లో ఉన్నవాళ్లు వచ్చేవారు. ముసలాయనకు శ్రమ తప్పించినట్టవుతుందని, వాళ్ల బాధ వాళ్లు చెప్పకముందే దస్తగిరి ఆయన చెవిలో వేసేవాడు. ఆయన ఊఁ అనేవాడు కాదు, కాదనేవాడు కాదు.

ఒక మధ్యాహ్నం ఓబుళమ్మ అనే ఆమె వచ్చింది. గడప దగ్గరే నిలబడిపోయింది. దస్తగిరికి జాలేసింది. ఈసారి ఆగలేక పైకే అనేశాడు.

"నీ కొడుకు క్వారీ గుంతలో మునిగిపోయాడు. పొద్దున కొట్టి పంపినందుకే పోయాడని కుములుతున్నావు. నీ తప్పేం లేదులేమ్మా."

ఓబుళమ్మ మొహం పాలిపోయింది. నలుగురిలో చీర లాగేసినట్టు కొంగు ఒళ్లంతా కప్పుకుని, గిరుక్కున తిరిగి మెట్లు దిగసాగింది.

కరీముల్లా షా కర్ర కూడా అందుకోకుండా ఆమె వెంట పరుగెత్తాడు. సగం మెట్ల మీద ఆపి, ఎండలో ఆమెకు ఎదురుగా రాతి మీద కూర్చున్నాడు.

"ఏమైందమ్మా?"

ఆమె మెట్టు మీద కూర్చుని కొంగు కొస మెలిపెట్టసాగింది. ఆయన కదల్లేదు.

"మా కేశవుడు సామీ..." అంది చివరికి. "పెరుగన్నం అడిగినాడు. పనికి పొద్దుపోతాందని చెంప మీద ఒకటేసినా. వాడు ఏడవలేదు సామీ. నన్ను చూసి నవ్వినాడు."

అక్కడ ఆమె బావురుమంది. కొడుకు పోయాక ఆమె పైకి ఏడవడం అదే మొదలు. సాయంత్రపు అసర్ అజాన్ వినపడేదాకా చెబుతూనే ఉంది. ఆయన ఒక్క మాటా కలపలేదు.

ఆమె కళ్లు తుడుచుకుని లేచాక దస్తగిరి దగ్గరికొచ్చాడు.

"బాబా, అంతా నేను ముందే చెప్పాను కదా. తెలిసిన సంగతి మళ్లీ ఎందుకు అడిగారు?"

కరీముల్లా షా మోకాళ్లు పట్టుకుని మెల్లగా లేచాడు.

"తెలుసుకోవడానికి నేను అడగలేదు, బేటా."

కింద ఓబుళమ్మ మెట్లు దిగిపోతోంది. ఆమె మనసు దస్తగిరికి వినిపిస్తూనే ఉంది.

ఏం వినిపించిందో అతను ఎవరికీ చెప్పలేదు.