కాటుక దిద్దిన సంతవాకిలి

అనగనగా ఉప్పలదిన్నె అని ఓ ఊరు. ఆ ఊళ్ళో శనివారం శనివారం సంత. సంతంటే పేరుకే! వచ్చినవాళ్ళు ఉప్పో పప్పో కొనుక్కుని, పక్కవాళ్ళ మొహమైనా చూడకుండా పోయేవాళ్ళు. ఊఁ కొట్టు మరి, లేకపోతే చెప్పను.

అప్పుడు ఊరిపెద్ద వెంగళనాయుడు సంతకి వాకిలి కట్టమన్నాడు. రెండు స్తంభాలు, పైన ఓ దూలం, అంతే. కట్టేది మేస్త్రి పెంచలయ్య. ఆయన చేతులు ఊరుకుంటాయా? కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు పోసి సున్నం నూరి, దాంతో వాకిలి నిండా చిలకల్ని, ఏనుగుల్ని, కోతుల్ని చేసి పెట్టేశాడు.

నాయుడు మండిపడ్డాడు. "వాకిలి కట్టవయ్యా అంటే కోతుల్ని ఎక్కిస్తావా? మూడో సంతకల్లా అన్నీ చెక్కి పారెయ్!"

పెంచలయ్యకి ప్రాణం ఒప్పలేదు. రెండు నెలల కష్టం మరి. మేస్త్రీల్లో ఓ పద్ధతి ఉంది. కన్ను దిద్దేదాకా బొమ్మ ఉత్త సున్నం, పగలగొట్టొచ్చు. కన్ను దిద్దాక దానిమీద ఎవరూ ఉలి ఎత్తరు. నాయుడికీ తెలుసది. అందుకే "నువ్వు కన్ను దిద్దావో, చూడు!" అని మరీ చెప్పి వెళ్ళాడు.

మొదటి సంతకి జనం తలెత్తి చూశారు. "ఆ ఏనుగు నడక అచ్చం మా అత్తగారిదే" అందో కోడలు. అత్తగారూ నవ్వింది, ఏం చేస్తుంది! రెండో సంతకి పక్కూళ్ళవాళ్ళు పిల్లల్ని చంకనేసుకొచ్చి, సద్దిమూటలు అక్కడే విప్పారు. ఆ తర్వాత మూడో సంత రానే వచ్చింది.

పెంచలయ్య ఉలి పట్టుకుని నిచ్చెనెక్కాడు. చెయ్యి రాలేదు. "ఏంటి మేస్త్రీ, ఏడుస్తున్నావా?" అంది కింద గాజులమ్మే వీరనాగమ్మ. ఉన్నమాట చెప్పాడు.

"దిద్దొద్దంది నిన్ను కదా, మమ్మల్ని కాదుగా!" అని తనే ఎక్కి, తన కంటి కాటుక వేలికి తీసి చిలక కంటికి పెట్టింది. అంతే, ఆడవాళ్ళంతా బారులు తీరారు.

నాయుడు వచ్చేసరికి చిట్టచివరి కోతొక్కటే మిగిలింది. ఉలి లాక్కుని తనే నిచ్చెనెక్కాడు. పెంచలయ్య ఎవర్ని తలుచుకుని చేశాడో గానీ, ఆ బుగ్గలు, ఆ మీసం, ఆ కోపం అన్నీ నాయుడివే! పెంచలయ్య కళ్ళు మూసేసుకున్నాడు.

నాయుడు కోతి మీసం చూసి, తన మీసం ఓసారి తడుముకున్నాడు. అప్పుడు కిందకి తిరిగి, "అందరికీ పెట్టి, వీణ్ణొక్కణ్ణే గుడ్డివాణ్ణి చేస్తారా? ఏదీ, కాటుక ఇలా తెండి!" అన్నాడు.

కోతి కళ్ళు తెరిచింది, సంత నవ్వి మురిసింది.
కథ కంచి బాట పట్టె, మన కంట కునుకు పట్టె.