చెలమ మీద కొండముచ్చు పెత్తనం

నేరేడుకోన అడవిలో జింకలు, కుందేళ్ళు, ముళ్ళపందులు, కొండముచ్చులు ఉండేవి. అన్నిటికీ పెద్ద ఏనుగమ్మ.

ఒక ఎండాకాలం వాగు ఎండిపోయింది. ఏనుగమ్మ ఇసుకలో లోతుగా చెలమ తవ్వింది. నీరు మెల్లగా ఊరేది. అందరూ ఒక్కసారి ఎగబడితే బురదే మిగిలేది. అందుకని ఏనుగమ్మ గవరయ్య అనే కొండముచ్చును పిలిచింది. "ఎవరు ముందో, ఎవరు వెనకో వరస పెట్టు" అని చెప్పి కొండ మీదికి వెళ్ళిపోయింది.

రెండు రోజులు గవరయ్య వరస సరిగ్గానే పెట్టాడు. మూడో రోజు అతని కాలికి గట్టున ముల్లు గుచ్చుకుంది. అంతే! "ఇది ముళ్ళపంది ముల్లే. ఇక ముళ్ళపందులకు ఇక్కడ నీళ్ళు లేవు" అని చాటించాడు.

సూరమ్మ అనే ముళ్ళపంది ఇద్దరు పిల్లలతో వచ్చింది.

"ఎందుకు లేవు?" అని అడిగింది.

"ఆజ్ఞ."

"ఎవరిది?"

"నాదే."

"ఆ ముల్లు మాదేనని ఎవరు చూశారు? తుమ్మముల్లేమో! ఏదీ, చూపించు."

"పారేశాను. నీ మాటలు వినే తీరిక నాకు లేదు. అవతలి ఒడ్డున ఉన్న కొంగను అడుగు."

కొంగ ఉడుమును అడగమంది. ఉడుము, "ఇవన్నీ చూసేది గవరయ్యే కదా" అంది. కాలే ఇసుకలో సూరమ్మ మళ్ళీ వెనక్కి వచ్చింది.

"నీ మీద ఫిర్యాదు ఎవరికి చెప్పుకోవాలి?"

"నాకే. రేపు రా" అన్నాడు గవరయ్య కొమ్మ మీద నుంచి.

సూరమ్మకు తల బండకేసి కొట్టుకోవాలనిపించింది. "ముల్లు గుచ్చుకుందన్నదీ నువ్వే, నేరం మోపిందీ నువ్వే, తీర్పు చెప్పిందీ నువ్వే! ఇప్పుడు మొర వినేదీ నువ్వేనా? ఖర్మ!"

అంతలో చిన్నపిల్ల నాలుక బయటపెట్టి కూలబడింది. సూరమ్మ పిల్లల్ని పొద నీడలో ఉంచి, ఆయాసపడుతూ కొండెక్కింది.

"ఏనుగమ్మా, గవరయ్యకు నువ్వేం అప్పగించావు?"

"వరస పెట్టమన్నాను."

"నీళ్ళు ఆపమన్నావా?"

"లేదే!"

"ఆపేశాడు. మమ్మల్ని ఒక్క మాటైనా అడక్కుండా ఆపేశాడు."

ఏనుగమ్మ సూరమ్మతో గబగబా కొండ దిగి గవరయ్యను నిలదీసింది. "నాకు అధికారం ఉంది" అన్నాడు గవరయ్య ఛాతీ విరుచుకుని.

"వరస పెట్టేంతవరకే ఉంది. నేను ఇవ్వనిది నీకెక్కడి నుంచి వచ్చింది? నీ ఆజ్ఞ చెల్లదు. అప్పగించి మళ్ళీ ఇటు చూడకపోవడం నా తప్పు" అంది ఏనుగమ్మ. ఆ పని జింకకు ఇచ్చింది. ఎవరికి అన్యాయం జరిగినా నేరుగా తన దగ్గరికే రమ్మంది. ఆ వేసవంతా గవరయ్యను వరసలో అందరికంటే చివర నిలబడమంది.

ఏనుగమ్మ ఇంకా ఏదో చెప్పబోయింది. సూరమ్మ విసుగ్గా అడ్డుపడింది.

"మిగతాది తర్వాత చెబుదువుగాని తల్లీ! ముందు నా పిల్లల్ని తాగనివ్వు."

నీతి: అధికారం ఇచ్చినంత మేరకే చెల్లుతుంది. ఎదుటివారి మాట వినకుండా చెప్పిన తీర్పు తీర్పే కాదు.